ఫ్రీరన్నర్ నాటి ఎదురుచూపు

2008 ప్రాంతంలో విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర్నుంచి గంటస్తంభం దాకా నడిచినా, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ చుట్టూ తిరిగినా, సెల్ షాపుల అద్దాల వెనక కనిపించేవి రెండే రకాలు. ఒకవైపు నోకియా, ఇంకోవైపు ఎంటీకే చిప్పుతో వచ్చే చైనా ఫోన్లు. రెండు సిమ్ములు, వీధి చివరిదాకా వినిపించే స్పీకర్లు. మెమరీ కార్డు ఇస్తే దాని నిండా పాటలు ఎక్కించి ఇచ్చేవారు. అదే రోజుల్లో చింతలవలస, రాజాం ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లలో ఉబుంటు అనే లైనక్స్ సిస్టమ్ సీడీలు చేతులు మారుతుండేవి. షిప్‌ఇట్ అనే వాళ్ల సైట్లో పేరూ అడ్రసూ ఇస్తే పైసా ఖర్చు లేకుండా పోస్టులో వచ్చేవి. కంప్యూటర్లో విండోస్ పక్కన లైనక్స్ వేసుకున్న కుర్రాళ్లకి జేబులో ఫోను కూడా ఇలాగే, సోర్స్ కోడ్ తెరిచి ఉండి స్వేచ్ఛగా మార్చుకునేలా ఉంటే బాగుణ్ణు అనిపించడం సహజం. ఆ కోరిక పుట్టి పదిహేనేళ్లు దాటింది. ఇంకా పూర్తిగా తీరలేదు. ఎందుకు తీరలేదో తెలియాలంటే ఆ ఫోన్లని విప్పి, ఒక్కో భాగం చూడాలి.

మొదటిది ఓపెన్‌మోకో, లైనక్స్‌తో నడిచే స్వేచ్ఛా ఫోన్ ప్రాజెక్టు. తైవాన్‌లోని ఎఫ్‌ఐసీ సంస్థ 2006 నవంబర్‌లో ప్రకటించింది. ఐఫోన్ ప్రకటన వచ్చింది 2007 జనవరిలో. అంటే ఆలోచనలో స్వేచ్ఛా ఫోనే ముందుంది. 2007 జులైలో డెవలపర్ల కోసం నియో 1973, 2008లో అందరి కోసం నియో ఫ్రీరన్నర్ వచ్చాయి. ఫ్రీరన్నర్ ధర 399 డాలర్లు. 400 మెగాహెర్ట్జ్ శాంసంగ్ ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, 256 ఎంబీ ఫ్లాష్, 2.8 అంగుళాల తెర. ఆ చిన్న తెర మీద 480×640 చుక్కలు, అప్పట్లో అంత నాణ్యమైన తెర ఇంకో ఫోన్లో దొరకడం కష్టం. రెండు రకాలుగా అమ్మేవారు: 850 బ్యాండ్‌ది అమెరికా కోసం, 900ది మిగతా ప్రపంచం కోసం. మన దగ్గర బీఎస్‌ఎన్‌ఎల్, ఎయిర్‌టెల్ టవర్లు 900, 1800ల మీదే కాబట్టి రెండోదే తెప్పించుకోవాలి. అమెరికా నుంచి వస్తున్న బంధువుల చేత తొందరపడి మొదటి రకం తెప్పించుకుంటే ఊళ్లో 1800 టవరు అందిన వీధిలోనే సిగ్నల్ ఉంటుంది.

దాంట్లో సిస్టమ్ ఎక్కించే పద్ధతి ఇప్పటి ఫోన్లకన్నా తేలిక. పక్కనున్న ఆక్స్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ నొక్కితే నార్ అనే చిన్న చిప్పులోని మెనూ వస్తుంది. ఆ మెనూ ఉన్న చిప్పు మీద పొరపాటున కూడా ఏదీ రాయలేం, డీబగ్ బోర్డు ఉంటే తప్ప. కాబట్టి ఫోను పూర్తిగా చచ్చిపోవడమనేది దాదాపు జరగదు. యూఎస్‌బీ కేబుల్ పెట్టి డీఎఫ్‌యూ-యుటిల్ అనే ప్రోగ్రాముతో ముందు కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ), తర్వాత రూట్ ఫైల్ సిస్టమ్ (మిగతా ఫైళ్లన్నీ) పంపాలి. కెర్నెల్ రెండు ఎంబీ లోపే, రెండోది కొన్ని పదుల ఎంబీలు. బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్‌లో హోమ్ 500 ప్లాన్ ఉన్నవాళ్లు రాత్రి 2 గంటలకి డౌన్‌లోడ్ పెట్టి, ఉదయం 8 లోపు ఆపేసేవారు. ఆ ఆరు గంటల డౌన్‌లోడ్ మాత్రమే లెక్కలోకి వచ్చేది కాదు. ఎక్కించాక అదే కేబుల్ మీద ఫోనుకి 192.168.0.202, కంప్యూటర్‌కి 192.168.0.200 అని అడ్రసులు. ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే కంప్యూటర్ నుంచే ఆదేశాలు ఇస్తూ, లోపలికి వెళ్లిపోవచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు, ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. ఆ రోజుల్ని తలుచుకున్నప్పుడల్లా ముందు గుర్తొచ్చేది ఆ తెరిచి ఉన్న తలుపే.

తెలుగు విషయంలో అది నిజంగా అందరికంటే ముందుంది. ఈ మాట ఎవరూ పెద్దగా చెప్పరు, అందుకే కాస్త వివరంగా. మైక్రో ఎస్‌డీ కార్డుని రెండు భాగాలు చేసి, మొదటి చిన్న భాగంలో కెర్నెల్, రెండోదాంట్లో డెబియన్ అనే లైనక్స్ పెడితే ఫ్రీరన్నర్ కార్డు నుంచే బూట్ అయ్యేది. దాంట్లో టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్ అనే ప్యాకేజీ వేస్తే పోతన2000, వేమన2000 ఖతులు వచ్చేస్తాయి. అక్షరాల కూర్పు చూసుకోవడానికి పాంగో ఉంది. జీటీకే అనే పనిముట్లతో రాసిన ప్రోగ్రాముల్లో గుణింతాలు, ఒత్తులు కంప్యూటర్లో ఎలా కనిపిస్తాయో ఫోన్లోనూ అలాగే కనిపించేవి. ఆండ్రాయిడ్‌లో తెలుగు అధికారికంగా వచ్చింది 4.1తో, 2012లో. ఆ నాలుగేళ్లూ మన జిల్లాల్లో ఆండ్రాయిడ్ కొన్నవాళ్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మామూలుగా చూస్తే డబ్బాలు. ఫోన్ రూట్ చేసి ఫాంట్ ఫైలు మార్చేస్తే అక్షరాలు వస్తాయి గానీ ఒత్తులు కలవవు. "శ్రీకాకుళం" అని రాస్తే శ, పక్కన విడిగా పొల్లు, దాని పక్కన ర, ఆపైన వేలాడుతూ గుడి దీర్ఘం. ఖతి ఉంటే చాలదు, దాన్ని కూర్చే షేపింగ్ ఇంజన్ కూడా ఉండాలి. అది లేదు. చివరికి అందరూ ఒపెరా మినీనే నమ్ముకున్నారు: అడ్రసు గడిలో ఒపెరా:కాన్ఫిగ్ అని కొట్టి, అట్టడుగున ఉన్న సంక్లిష్ట లిపులకి బిట్‌మ్యాప్ ఫాంట్లు అనే ఆప్షన్‌కి ఎస్ పెట్టి సేవ్ చేయాలి. అప్పుడు తెలుగు అక్షరాలన్నీ సర్వర్‌లోనే బొమ్మలుగా తయారై వస్తాయి. చదవడానికి బాగుండేది, కాపీ చేయడానికి కుదిరేది కాదు, డేటా కాస్త ఎక్కువ తినేది.

మరి ఇన్ని మంచి గుణాలున్న ఫ్రీరన్నర్ ఎందుకు నిలబడలేదు? ఫోన్ అన్నది ముందు ఫోన్‌గా పనిచేయాలి. ఇది చేయలేదు. కాల్ మాట్లాడుతుంటే అవతలివాళ్లకి జుయ్యిమని శబ్దం వినిపించేది. జీఎస్‌ఎం రేడియో సెకనుకి 217 సార్లు ముక్కలు ముక్కలుగా సిగ్నల్ పంపుతుంది, ఆ అదురు మైక్‌కి కరెంటు ఇచ్చే లైనులోకి ఎక్కేది. సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా పోదు. బోర్డు విప్పి కెపాసిటర్ వేయాల్సిందే. రెండో జబ్బుకి పేరు కూడా లేదు, బగ్ నంబరే పేరైంది: 1024. కాల్ లేనప్పుడు మోడెమ్ (నెట్‌వర్క్‌తో మాట్లాడే చిప్పు) గాఢనిద్రలోకి వెళ్లి, లేచేటప్పుడు నెట్‌వర్క్ వదిలేసి, మళ్లీ వెతుక్కుని పట్టుకునేది. ఇదే రోజంతా జరిగేది. మోడెమ్‌ని గాఢనిద్రకి పోనివ్వకుండా ఒక ఏటీ కమాండ్ ఇచ్చి ఆపొచ్చు. అప్పుడు నెట్‌వర్క్ నిలుస్తుంది, బ్యాటరీ నిలవదు. అసలు మందు 22 మైక్రోఫారడ్ల కెపాసిటర్. ఎస్‌డీ కార్డు క్లాక్ సిగ్నల్ జీపీఎస్‌ని చెడగొట్టడం మూడోది. కార్డు పెట్టి ఉంటే ఉపగ్రహాలు దొరికేవి కావు. దీన్ని మాత్రం కెర్నెల్‌లో సరిచేశారు, కార్డుతో పని లేనప్పుడు క్లాక్ ఆపేసి.

ఈ రిపేర్లు మన ఊళ్ల మెకానిక్కులకి చేతకానివి కావు. హాట్ ఎయిర్ మెషీన్ పెట్టుకుని నోకియా బోర్డుల మీద ఆవగింజంత భాగాలు తీసి వేసే చేతులు ఏడు రోడ్ల చుట్టుపక్కల ఎన్నో ఉండేవి. పైగా ఫ్రీరన్నర్ సర్క్యూట్ డయాగ్రమ్‌ని కంపెనీయే బయటపెట్టింది. మామూలు ఫోన్ల డయాగ్రమ్‌లు దొంగచాటుగా సంపాదించుకునే రోజుల్లో అదొక వరం.

అసలు నష్టం సాఫ్ట్‌వేర్‌లో జరిగింది. 2007లో జీటీకేతో ఒక ముఖం చేశారు. అది కుదురుకోకముందే 2008లో దాన్ని పక్కనపెట్టి క్యూటోపియా, ఎన్‌లైటెన్‌మెంట్ కలిపి ఇంకొకటి. ఈలోగా కింద పొర మొత్తం మళ్లీ రాయాలని ఎఫ్‌ఎస్‌ఓ అనే ప్రాజెక్టు. దాని మీద ఎస్‌హెచ్‌ఆర్. ఇంకోపక్క క్యూటీమోకో అనే మరో సిస్టమ్. ఒక్కొక్కటీ మంచి ఆలోచనే. కానీ కాల్ వస్తే రింగవడం, ఎత్తితే వినబడటం, జేబులో సాయంత్రం దాకా బ్యాటరీ ఉండటం అనే మూడు పనులు ప్రతిసారీ మొదట్నుంచి చేయాల్సి వచ్చింది. దానికితోడు గ్లామో అనే గ్రాఫిక్స్ చిప్పు. 480×640 తెర నింపాలంటే ఒక్కసారికి ఆరు లక్షల పైచిలుకు బైట్లు పంపాలి, ప్రాసెసర్‌కీ గ్లామోకీ మధ్య దారి ఇరుకు. జాబితా జరిపితే తెర ముక్కలుముక్కలుగా కదిలేది. వీడియో చూడాలంటే తెరని 240×320కి దించుకోవడమే మార్గం. 2009 ఏప్రిల్‌లో తర్వాతి మోడల్ ఆపేస్తున్నామని ప్రకటించారు. ఆ సమయానికి ఆండ్రాయిడ్ ఫోన్లు మార్కెట్లోకి వచ్చేశాయి, ఐఫోన్ రెండో మోడల్ మన దేశంలోనే అమ్ముతున్నారు.

ఆ తర్వాత మన మనసు దోచింది ఎన్900. 2009 చివర్లో నోకియా తన మేమో 5 అనే లైనక్స్ సిస్టమ్‌తో తెచ్చిన ఫోన్. 600 మెగాహెర్ట్జ్ ఓమాప్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 32 జీబీ, పక్కకి జారే కీబోర్డు, టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) మొదట్నుంచీ దాంట్లోనే. ఇరవై కిటికీలు తెరిచినా ఒకదాన్నుంచి ఇంకోదానికి హాయిగా వెళ్లొచ్చు. దీని బలహీనతలు తెలిసి వాడుకున్నవాళ్లకి ఏళ్ల తరబడి నడిచింది. మొదటిది, సిస్టమ్ ఉండే ఫ్లాష్ 256 ఎంబీయే. ప్రోగ్రాములు అక్కడే పడేస్తే నిండిపోయి ఫోన్ బూట్ అవదు. పెద్ద ఫైళ్లు ఆప్ట్ ఫోల్డర్‌లోకి వెళ్లాలి, పరీక్షలో ఉన్న ప్రోగ్రాములుండే డెవలపర్ రిపాజిటరీ ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు. రెండోది మైక్రో యూఎస్‌బీ సాకెట్. బోర్డు పైన అంటించినట్టు టంకం వేశారే తప్ప కాళ్లు బోర్డులోంచి దిగవు. కేబుల్ కాస్త పైకి లాగితే సాకెట్ కింద రాగి గీతలతో సహా ఊడొచ్చేస్తుంది. కొన్న రోజే వెనక మూత విప్పి సాకెట్ చుట్టూ ఎపాక్సీ పెట్టుకున్నవాళ్లు బతికిపోయారు.

బ్యాటరీ మాత్రం బీఎల్-5జే, 1320 ఎంఏహెచ్. నోకియా 5800దీ అదే కావడంతో పాలకొండలోనైనా బొబ్బిలిలోనైనా దొరికేది. సాకెట్ పోయినా బ్యాటరీ బయటికి తీసి, రెండు పిన్నులకి తగిలించే క్లిప్పు ఛార్జర్‌లో పెట్టి పని నడిపించేవారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తర్వాత విజయనగరంలో కరెంటు లేనప్పుడు జనరేటర్ ఉన్న షాపుల ముందు ఫోన్లతో జనం బారులు తీరారు. తీసే బ్యాటరీ ఉన్నవాళ్లు ఫోను చేతిలోనే ఉంచుకుని, రెండో బ్యాటరీ ఒక్కటే ఛార్జింగ్‌కి ఇచ్చి రాగలిగారు. ఇవాళ వెయ్యి డాలర్ల ఫోన్లో ఆ వీలు లేదు.

ఎన్900 వచ్చిన కొద్ది నెలలకే, 2010 ఫిబ్రవరిలో, మేమోని ఇంటెల్ వాళ్ల మోబ్లిన్ అనే లైనక్స్‌తో కలిపి మీగో అన్నారు. జీటీకే పోయి క్యూటీ అనే వేరే పనిముట్లు వచ్చాయి. అంటే మళ్లీ మొదటికి. సరిగ్గా ఏడాదికి, 2011 ఫిబ్రవరి 11న, నోకియా మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపి విండోస్ ఫోన్ వైపు వెళ్లిపోయింది. ఇప్పటికీ ఆ తేదీ తలుచుకుంటే కోపం వస్తుంది. ఆగిపోయింది ఒక ఫోన్ కాదు, కాల్, కెమెరా, బ్యాటరీ అన్నీ సరిగ్గా పనిచేస్తూ, కింద అసలైన లైనక్స్ ఉన్న ఒకే ఒక్క దారి.

ఔత్సాహికులు మార్చి ఇచ్చే సయనోజెన్‌మాడ్ అనే సిస్టమ్ సంగతి వేరు, అది ఆండ్రాయిడ్ సోర్స్ మీదే నిలబడింది. 2009లోనే గూగుల్ యాప్స్‌ని కలిపి ఇవ్వకూడదని నోటీసు రావడంతో అవి విడి జిప్ ఫైల్ అయ్యాయి. రికవరీలోకి వెళ్లి డేటా, క్యాష్, డాల్విక్ క్యాష్ తుడిచి, ముందు రోమ్ (కొత్త సిస్టమ్ ఫైలు) తర్వాత గ్యాప్స్ (గూగుల్ యాప్స్) ఎక్కించే వరస మన హాస్టళ్లలో అందరికీ నోటికి వచ్చు. శాంసంగ్ అయితే వీటన్నిటికన్నా ముందు ఫోన్ గుర్తింపు నంబరు ఉండే ఈఎఫ్‌ఎస్ భాగం బ్యాకప్, లేకపోతే ఐఎంఈఐ పోయి నెట్‌వర్కే ఉండదు. ఎంటీకే చిప్పు ఉన్న దేశీ బ్రాండ్ల ఫోన్లకి మాత్రం కెర్నెల్ సోర్స్ దొరికేది కాదు. లైనక్స్ కెర్నెల్ జీపీఎల్ అనే లైసెన్సు రెండో వెర్షన్ కింద ఉంది, ఫోన్ అమ్మితే సోర్స్ ఇవ్వాల్సిందే. అడిగితే జవాబు ఉండేది కాదు. వేలకి వేలు అమ్ముడైన ఫోన్లు అలా పాత వెర్షన్లలోనే ముగిసిపోయాయి.

2014 ఆగస్టులో 1,999 రూపాయలకి ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్‌ఎక్స్ వచ్చింది, మొజిల్లా వాళ్ల ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌తో. సామాన్యుడి చేతికి అందే ధరలో మొదటి స్వేచ్ఛా ఫోన్. దాన్ని 128 ఎంబీ ర్యామ్ దెబ్బతీసింది. ఒక వెబ్ పేజీ తెరిచి, ఫోన్ వస్తే మాట్లాడి, తిరిగి వెళ్తే పేజీ మళ్లీ మొదట్నుంచి లోడ్ అయ్యేది, ఎందుకంటే జాగా చాలక వెనక ఉన్నవాటిని కెర్నెల్ చంపేస్తుంది. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించి వాడే జీర్యామ్ పెట్టినా తేడా కొంచెమే. 2జీ నెట్. షాపులో కొనేవాడి మొదటి ప్రశ్న, "వాట్సాప్ వస్తాదేటి?" రాదు. బేరం అక్కడే ఆగిపోయేది. 2015 డిసెంబర్‌లో మొజిల్లా తప్పుకుంది. అదే కోడ్ మీద పుట్టిన కైఓఎస్‌తో 2017లో 1,500 డిపాజిట్‌కి జియోఫోన్ వచ్చి, 2018 సెప్టెంబర్‌లో వాట్సాప్ కూడా వచ్చాక ఉద్దానం పల్లెల్లో కొబ్బరి తోటల దాకా చేరింది. మొజిల్లా వాళ్లు రాసిన కోడ్ అంతమందికి ఉపయోగపడటం సంతోషమే. కానీ సొంతంగా రాసుకున్న చిన్న యాప్ దాంట్లో వేసుకోవడానికి దారి మూసేశారు. ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌లో డెవలపర్ మెనూ ఆన్ చేసి కేబుల్ పెడితే సరిపోయేది.

ఆలస్యానికి ఇంకో పెద్ద కారణం చిప్పుల లోపల ఉంది. మోడెమ్, గ్రాఫిక్స్, కెమెరా డ్రైవర్లు చిప్పు కంపెనీలు సోర్స్ లేకుండా, ఆండ్రాయిడ్ కోసమే తయారుచేస్తాయి. 2012లో కార్‌స్టెన్ మంక్ లిబ్‌హైబ్రిస్ రాశాడు. ఆండ్రాయిడ్ కోసం కట్టిన డ్రైవర్లని మామూలు లైనక్స్‌లో పనిచేయించే వంతెన అది. సెయిల్‌ఫిష్, ఉబుంటు టచ్ అనే ఫోన్ లైనక్స్‌లు బతికింది దాని మీదే. కానీ ఆ డ్రైవర్లు ఏ కెర్నెల్‌తో పుట్టాయో ఆ కెర్నెల్‌తోనే ఉంటాయి. రెండేళ్లకి కంపెనీ వదిలేస్తుంది, ఫోను అక్కడే గడ్డకడుతుంది. రెండో దారి, డ్రైవర్లని కొత్తగా రాసి అసలు లైనక్స్ కెర్నెల్‌లోకి పంపడం. 2012లోనే రాబ్ క్లార్క్ క్వాల్‌కామ్ అడ్రినో గ్రాఫిక్స్ కోసం ఫ్రీడ్రీనో మొదలుపెట్టాడు. కంపెనీ పత్రాలు లేకుండా, చిప్పుకి వెళ్లే ఆదేశాల్ని పట్టి చూసి అర్థం చేసుకుంటూ. ఇలాంటి పనికి ఏళ్లు పడతాయి. డ్రైవర్ సిద్ధమయ్యేసరికి ఆ ఫోను షాపుల్లోంచి పోతుంది. అయినా ఇదే నిలిచే పని అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ఒకసారి కెర్నెల్‌లో చేరింది మళ్లీ మొదట్నుంచి రాయక్కర్లేదు.

వ్యాపార ఒప్పందాల సంగతీ తక్కువది కాదు. ప్లే స్టోర్ కావాలనుకునే కంపెనీ వేరే రకం ఆండ్రాయిడ్ ఫోన్ అమ్మకూడదన్న షరతు ఉండేది. 2022 అక్టోబర్‌లో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల జరిమానా వేసినప్పుడు ఈ షరతూ ఆ ఉత్తర్వులో చర్చకొచ్చింది.

ఇప్పుడు ఎవరైనా ప్రయత్నించాలంటే మన ఊళ్లో సెకండ్ హ్యాండ్‌లో దొరికేవాటిలో షావోమీ వాళ్ల పోకో ఎఫ్1 మంచిది. 2018 ఆగస్టులో 20,999కి వచ్చింది, స్నాప్‌డ్రాగన్ 845. దీనికి పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే ఫోన్ లైనక్స్ అసలు కెర్నెల్‌తోనే నడుస్తుంది, ఫ్రీడ్రీనో పుణ్యమా అని తెర వెన్నలా కదులుతుంది. కొనేముందు బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిందేమో చూడాలి. ఎంఐ అకౌంట్ లాక్ లేదని షాపులోనే రీసెట్ చేయించి తేల్చుకోవాలి. బూట్‌లోడర్ అన్‌లాక్‌కి (వేరే సిస్టమ్ ఎక్కనివ్వని తాళం తీయడానికి) సొంత సిమ్ వేసి అకౌంట్ కలిపాక సాధారణంగా 168 గంటలు ఆగమంటుంది. మధ్యలో అకౌంట్ తీసి పెడితే లెక్క మళ్లీ మొదలవుతుంది. అన్‌లాక్‌తో లోపలున్నదంతా చెరిగిపోతుంది.

తర్వాత తెర ఏ కంపెనీదో తెలియాలి. ఎఫ్1లో టియాన్మా, ఈబీబీజీ అని రెండు రకాల తెరలున్నాయి, రెండింటికీ వేరువేరు ఇమేజ్ (ఎక్కించే సిస్టమ్ ఫైలు). తప్పుది ఎక్కిస్తే ఫోన్ పాడవదు, తెర మాత్రం రాదు. అప్పుడు కంగారుపడకుండా రెండోది ఎక్కించి చూడటమే. రిపేర్‌లో తెర మార్చి ఉన్న ఫోన్ అయితే ముందే ఊహించడం కష్టం. వాల్యూమ్ డౌన్, పవర్ కలిపి నొక్కి ఫాస్ట్‌బూట్‌లోకి (కంప్యూటర్ నుంచి ఫైళ్లు ఎక్కించే మోడ్) వెళ్లి, ముందు డీటీబీఓ విభాగం చెరిపేయాలి. ఇది మర్చిపోతే బూట్ అవదు. ఆపైన యూజర్‌డేటాలోకి పెద్ద ఇమేజ్, బూట్‌లోకి చిన్నది. కొత్త కంప్యూటర్లలో యూఎస్‌బీ 3 పోర్టుతో ఫాస్ట్‌బూట్ మధ్యలో ఆగిపోతుంటే పాత యూఎస్‌బీ 2 హబ్ మధ్యలో పెడితే కుదురుతుంది. మొదటి లాగిన్‌కి పాస్‌వర్డ్ 147147, లోపలికి వెళ్లగానే మార్చుకోవాలి.

సిమ్ విషయం జాగ్రత్త. జియోకి 2జీ, 3జీ లేవు, 4జీ ఫోన్లో మాట మొత్తం వోల్టీఈ (4జీ నెట్ మీదుగా వెళ్లే కాల్) మీదే. వోల్టీఈ లేని సిస్టమ్‌లో జియో సిమ్ నెట్‌కి పనికొస్తుంది, కాల్స్‌కి పనికిరాదు. ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ 2జీకి దిగి మాట్లాడిస్తాయి. వెనక కెమెరాల మీద ఆశ పెట్టుకోకూడదు. షాపుల్లో ఇప్పుడడిగే "ఫోన్‌పే వస్తాదేటి?" అనే ప్రశ్నకీ రాదనే చెప్పాలి. వేడ్రాయిడ్ అనే ప్రోగ్రాములో ఆండ్రాయిడ్ యాప్‌లు నడిచినా, బ్యాంకు యాప్‌లు సిస్టమ్‌ని తనిఖీ చేసి ఆగిపోతుంటాయి. కాబట్టి దీన్ని రెండో ఫోన్‌గానే పెట్టుకోవాలి. తెలుగుకి లోహిత్ లేదా నోటో ఖతి ప్యాకేజీ వేస్తే చాలు, హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజన్ మిగతాది చూసుకుంటుంది.

వద్దనుకుని ఫోనుతో వచ్చిన పాత ఎంఐయూఐకి వెళ్లాలంటే మీఫ్లాష్ అనే ప్రోగ్రాముతో ఫాస్ట్‌బూట్ రోమ్ ఎక్కించాలి. కింద మూడు ఆప్షన్లుంటాయి. ముందే ఎంచి ఉండేది క్లీన్ ఆల్ అండ్ లాక్. దాన్ని అలాగే వదిలేస్తే బూట్‌లోడర్ మళ్లీ లాక్ అయిపోతుంది. క్లీన్ ఆల్ ఒక్కటే ఎంచుకోవాలి.